ఇసాన్‌లో నన్ను ఇంట్లో పెట్టుకున్న అమ్మకి, ఊరందరికీ థాంక్స్

నా థీసిస్ అయిపోయిందండీ, సబ్మిట్ కూడా చేసేశా. పొద్దున్నుంచి అందరూ కంగ్రాట్స్ చెప్తున్నారు కానీ దాన్లో సగానికి పైగా వాటా థాయ్‌లాండ్ ఈశాన్యంలో, అదే ఇసాన్‌లో, వరి పొలాల మధ్య ఉన్న ఒక చిన్న ఊరి వాళ్ళది, వాళ్ళ గురించి చెప్పకుండా ఉండలేను.

నేను ఖోన్ కేన్ యూనివర్సిటీలో పబ్లిక్ హెల్త్ చదువుతున్నా. నా టాపిక్ లివర్ ఫ్లూక్, పిత్తనాళాల్లో చేరే పురుగు. అక్కడ మంచినీటి చేపల్ని పచ్చిగానే తరిగి కారం నిమ్మరసం కలిపి కోయ్ ప్లా అని ఇష్టంగా తింటారు, పురుగు వచ్చేది అలాగే, ఏళ్ళ తరబడి లోపల ఉండిపోతే పిత్తనాళం క్యాన్సర్‌ దాకా పోతుంది. 1994లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం దీన్ని క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. ఉందో లేదో తెలియాలంటే మలపరీక్ష చెయ్యాలి. ముక్కూ మొహం తెలియని అమ్మాయి గుమ్మంలో నిలబడి చేతిలో డబ్బా పెట్టి శాంపిల్ ఇవ్వండి అంటే ఎవరిస్తారు చెప్పండి!

ఇప్పించింది నన్ను ఇంట్లో పెట్టుకున్న అమ్మే. ఆవిడ ఊరి హెల్త్ వాలంటీర్, మన ఆశా అక్కల్లాగా, ఆ దేశంలో ఇలాంటివాళ్ళు పది లక్షల మంది దాకా ఉన్నారు. రాత్రి జిగురు బియ్యం నానబోసి, అదే దీపం కింద కూర్చుని డబ్బాల మీద ఒక్కొక్కరి పేరూ రాసేది, తెల్లారకముందే లేచి వెదురు బుట్టలో ఆ బియ్యం ఆవిరికి పెట్టి, భిక్షకొచ్చే భిక్షువుల పాత్రల్లో వేడి వేడి అన్నం ముద్దలు వేసి, అప్పుడు నన్ను తీసుకుని ఇల్లిల్లూ తిరిగేది. నేను శాకాహారినని నా వరకు బొప్పాయి సలాడ్‌ని చేపల సాస్ వెయ్యకుండా విడిగా దంచేది, ఒక్కరోజు కూడా మర్చిపోలేదు.

ఇంకో పెద్ద సాయం విహారం పెద్ద భిక్షువు గారిది. వర్షావాసం, అంటే వానాకాలంలో భిక్షువులు విహారంలోనే ఉండే మూడు నెలలు, మొదలైన కొత్తల్లో, ఊరంతా విహారానికొచ్చిన రోజు, ఈ మూడు నెలలు మందు తాగడం మానేస్తామని మాట ఇచ్చేవాళ్ళు ఎలాగూ ఉంటారు కదా, పచ్చి చేప కూడా మానెయ్యండి, ఈ అమ్మాయికి శాంపిల్స్ ఇవ్వండి అని అందరి ముందూ అన్నారు. ఆ తర్వాత నేను అడగక్కర్లేకుండానే డబ్బాలు ఇంటికొచ్చేవి, ముఖ్యంగా మగవాళ్ళవి, అంతకుముందు వాళ్ళు నన్ను చూస్తేనే తప్పుకునేవాళ్ళు.

మా ల్యాబ్‌మేట్‌కి కూడా చాలా చాలా థాంక్స్, నాకొచ్చింది బ్యాంకాక్ థాయ్, ఊళ్ళో పెద్దవాళ్ళు మాట్లాడేది ఇసాన్ భాష, తను సెలవులన్నీ వదులుకుని నా పక్కనే కూర్చుని వాళ్ళ మాటలకి ఓపిగ్గా అర్థం చెప్పింది. పురుగు ఉన్నట్టు తేలినవాళ్ళకి హెల్త్ సెంటర్ సిస్టర్స్ వెంటనే మాత్రలిచ్చారు, వాళ్ళకీ నా నమస్కారాలు.

అమ్మా, వర్షావాసం అయ్యాక భిక్షువులకి కొత్త వస్త్రాలిచ్చే కఠిన పండక్కి వస్తున్నా. ఊరి రిపోర్ట్ థాయ్‌లో రాయించి పెట్టాను, శాంపిల్ ఇచ్చిన ప్రతి ఇంటికీ ఇద్దరం కలిసే పంచుదాం.