పోటుకు ఒకటి, పాటుకు ఒకటి

సంపాదకులకు నమస్కారం.

తేలినీలాపురం పక్షుల ఫొటోలు ఏటా పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. ఆ పెలికాన్ల కడుపు నింపే చేపల గురించి మాత్రం ఎవరూ అడగరు.

ఈమధ్య మా భావనపాడు వైపు కొందరు చేపల రకాలు లెక్కించడానికి వచ్చారు. ఒక్క ఉదయం, ఒకే కన్ను (రంధ్రం) సైజు వల, మధ్యాహ్నానికి తిరుగు ప్రయాణం. దానిని సర్వే అనడానికి నాకు నోరు రాదు. ఉప్పుకయ్యలో, అంటే సముద్రపు నీరు వచ్చిపోయే పాయలో, పోటుకు (నీరు ఎక్కేటప్పుడు) దొరికే చేప వేరు, పాటుకు (నీరు తీసేటప్పుడు) దొరికేది వేరు. అమావాస్యకూ అష్టమికీ తేడా ఉంటుంది. వానాకాలంలో ఏటి నీరు దిగి ఉప్పు తగ్గితే రకాలే మారిపోతాయి. పెద్ద కన్ను వలలోంచి పిల్ల చేపలు జారిపోతాయి. మడ చెట్ల వేళ్ల మధ్య దాక్కొని పెరిగేవి ముఖ్యంగా అవే. పండుగప్పనే చూడండి. మొదట మగదిగా ఉండి, పెద్దయ్యాక ఆడదిగా మారుతుంది. పిల్లలనే లెక్కించినా, పెద్దవాటినే లెక్కించినా సగం కథే తెలుస్తుంది.

కనీసం ఏడాది పాటు, నెలనెలా, రకరకాల కన్నుల వలలతో చూడాలి. విసురు వల వేసే మా మత్స్యకారులను వెంట తీసుకెళ్లి, కూలి ఇచ్చి, వారు పిలిచే పేర్లు కూడా రాసుకోవాలి. మా మండలంలోనే మూలపేట ఓడరేవుకు 2023లోనే శంకుస్థాపన జరిగింది. ఇప్పుడున్న చేపల లెక్క ఇప్పుడే రాసుకోకపోతే, రేపు ఏది తగ్గిందో దేనితో పోల్చి చెబుతారు?

– ఒక పాఠకుడు, సంతబొమ్మాళి మండలం, శ్రీకాకుళం జిల్లా