ట్యునీషియా గురించి ఒక పాత నెట్ సెంటర్ ఓనరు ఉత్తరం

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం సంచికలో ట్యునీషియా మీద మీరు వేసిన అర పేజీ వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి, విషయం కూడా పెద్దగా తప్పుల్లేకుండానే రాశారు, కానీ పైన పెట్టిన హెడ్డింగు మాత్రం నాకు మింగుడుపడలేదు. 2011 జనవరిలో అక్కడి జనం తిరగబడి అధ్యక్షుడు బెన్ అలీని తరిమేశారు కదా, దానికి మీరు పెట్టిన పేరు 'ఫేస్‌బుక్ తెచ్చిన విప్లవం' అట. ఎక్కడో కాలిఫోర్నియాలో కంపెనీ వాళ్ళు పార్సిల్ పంపితే ట్యునీషియా జనం సంతకం పెట్టి తీసుకున్నట్టు! ఏటా జనవరి వస్తే చాలు ఎవరో ఒకరు ఇదే మాట రాస్తారు. ఈసారి ఊరుకోబుద్ధి కాలేదు.

నీకేం సంబంధమయ్యా అంటారేమో. నేను 2003 నుంచి 2013 దాకా మా ఊరి బస్టాండు ఎదురుగా నెట్ సెంటర్ నడిపాను. ఎనిమిది సిస్టమ్‌లు. గంటకి ముప్పై రూపాయలతో మొదలుపెట్టి, పక్క సందులో ఇంకోటి తెరిచాక పదిహేనుకి దిగాను. ఎంసెట్ రిజల్ట్స్ రోజున వీధి మలుపు దాకా లైను, వాళ్ళు హాల్ టికెట్ నంబరు చెబుతుంటే నేను టైపు చెయ్యడం, పేజీ తెరుచుకునేలోపు ఆ పిల్లాడి తండ్రి మొహం చూడలేక మానిటర్‌నే చూస్తూ కూర్చోవడం. మిగతా రోజుల్లో మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఈగలు తోలుకోవడమే. ఆ ఖాళీలోనే, 2010 డిసెంబరు చివర్లో అనుకుంటా, 'ఎ ట్యునీషియన్ గర్ల్' అనే బ్లాగు నా కంటపడింది. రాసేది లీనా బెన్ మెన్ని, ట్యునిస్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పే ఇరవై ఏడేళ్ళ అమ్మాయి. అరబిక్, ఫ్రెంచ్, ఇంగ్లీషు, ఏది వీలైతే అందులో రాసేది. చాలామంది మారుపేర్ల చాటున రాస్తున్న ఆ రోజుల్లో తన సొంత పేరుతో రాసేది. ఇంగ్లీషులో ఉన్నవి నేను కూడబలుక్కుని చదివేవాణ్ణి.

అసలు కథ పబ్లినెట్‌ల దగ్గర మొదలవుతుంది. మనకి నెట్ సెంటర్ ఎలాగో వాళ్ళకి పబ్లినెట్ అలాగ. అరబ్ దేశాల్లో అందరికంటే ముందు, 1991లోనే ఇంటర్నెట్ తెచ్చుకున్న దేశమది. 1990ల చివరికొచ్చేసరికి ప్రభుత్వమే పూనుకుని ఊళ్ళల్లో పబ్లినెట్‌లు పెట్టించింది. ఇంట్లో కనెక్షన్ పెట్టించుకోలేని కుర్రాళ్ళకి అదే దిక్కు. అందులో ఒక మెలిక ఉంది, కస్టమర్ ఏ పేజీ చూసినా ఓనరుదే బాధ్యత. అంటే మూడో నంబరు సిస్టమ్ మీద కూర్చున్నవాడు ఏం చదువుతున్నాడో నేను భుజం మీంచి తొంగిచూడాలన్నమాట, చూడకపోతే వాడితో పాటు నేనూ లోపలికి.

2002 జూన్ 4న జుహేర్ యహ్యావీని పట్టుకెళ్ళింది అలాంటి ఒక సెంటర్ నుంచే. 'ఎత్తూన్సీ', అంటే 'ట్యునీషియావాడు', అనే పేరుతో ట్యూనెజీన్ అనే సైటు నడిపేవాడు. అందులో పాఠకులకి సరదాగా ఒక ప్రశ్న పెట్టాడు. మన దేశం రిపబ్లిక్కా, రాజ్యమా, జంతుప్రదర్శనశాలా, జైలా అని. నవ్వొచ్చే ప్రశ్నే, కానీ బెన్ అలీ ప్రభుత్వానికి నవ్వు రాలేదు. పెట్టిన కేసులు రెండు. ఒకటి తప్పుడు వార్తలు ప్రచారం చేయడం (ఈ మాట కాస్త గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది). రెండోది తాను పనిచేసే సెంటర్‌లో కనెక్షన్‌ని అక్రమంగా వాడుకోవడం. నెట్ సెంటర్లో పనిచేసేవాడు నెట్ వాడితే దొంగతనమట! ఆ లెక్కన మా దగ్గర పనిచేసిన కుర్రాళ్ళందరినీ జైల్లో వెయ్యాలి. ఏడాదిన్నర లోపల ఉండి, నిరాహార దీక్షలు చేసి 2003 నవంబరులో బయటికొచ్చాడు, 2005 మార్చి 13న గుండెపోటుతో పోయాడు. ముప్పై ఏడేళ్ళు. విప్లవం తర్వాత ఆ తేదీని ఆ దేశంలో ఇంటర్నెట్ స్వేచ్ఛా దినంగా ప్రకటించారు. మీ వ్యాసంలో ఈయన పేరు ఒక్కసారైనా రాలేదు.

ఇక సెన్సారు సంగతి. ఏదైనా పేజీని బ్లాక్ చేస్తే 'ఇది నిషేధం' అని స్క్రీన్ మీద రావాలి, దాని కోడు 403. అక్కడ మాత్రం 404 చూపించేవాళ్ళు. అంటే 'పేజీ దొరకలేదు' అని. అసలు నిషేధమే లేదు, మీ పేజీయే ఎక్కడో తప్పిపోయింది అన్నట్టు. ఈ మోసం ఎంత నాజూకైనదో నెట్ సెంటర్ నడిపినవాడికి బాగా తెలుస్తుంది, ఎందుకంటే పేజీ రాకపోతే జనం ముందు తిట్టేది ఓనర్నే: 'ఏంటండీ, మీ నెట్ అస్సలు బాగోలేదు.' ట్యునీషియా కుర్రాళ్ళు కొన్నాళ్ళకి ఆ కనపడని సెన్సారుకి ఒక పేరు పెట్టారు, అమ్మార్ 404 అని. చేతిలో కత్తెర పట్టుకుని తిరిగే గుమాస్తా అన్నట్టు కార్టూన్లు గీశారు. 'ఇవాళ అమ్మార్ నా బ్లాగు మింగేశాడు' అని చెప్పుకునేవాళ్ళు. వాళ్ళు టైపు చేసే తీరు కూడా నాకు భలే నచ్చేది. మనం తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకున్నట్టే వాళ్ళూ వాళ్ళ అరబిక్‌ని కొట్టుకుంటారు, కాకపోతే ఇంగ్లీషులో లేని శబ్దాలకి అంకెలు వాడతారు: 3 ఒక అక్షరం, 7 ఒకటి, 9 ఇంకొకటి. మొదట్లో నేను అవేవో ఫోన్ నంబర్లనుకున్నాను.

2010 మే 22న ఈ అమ్మార్ మీద ఒక నిరసన పెట్టుకున్నారు. ముందు రోజే నిర్వాహకుల్లో ఇద్దర్ని, స్లీమ్ అమామూ, యాసీన్ అయారీలని పట్టుకెళ్ళి, కార్యక్రమం రద్దయింది ఎవరూ రావద్దు అని వాళ్ళ నోటితోనే వీడియోలో చెప్పించారు. అప్పుడు మిగతావాళ్ళు ఏం చేశారంటే, తెల్ల చొక్కాలు వేసుకుని రాజధాని ట్యునిస్‌లోని హబీబ్ బూర్గీబా అవెన్యూలో కాఫీ షాపుల ముందు కుర్చీల్లో కూర్చున్నారు. అంతే. జెండా లేదు, నినాదం లేదు, ముందు ఒక కాఫీ. ఆ దేశంలో సాయంత్రం కాఫీ దగ్గర చేరడం ఎటూ రోజూ ఉండేదే, రంజాన్ నెలలో అయితే ఇఫ్తార్ అయ్యాక అర్ధరాత్రి దాటేదాకా కూర్చుంటారు. మరి పోలీసులు ఏ తెల్ల చొక్కాని లేపాలి, దేన్ని వదిలెయ్యాలి? ఎంతగా తికమకపడి ఉంటారో తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది. అన్నట్టు ఆ స్లీమ్ అమామూనే 2011 జనవరి 6న మళ్ళీ లోపలేశారు, 13న వదిలారు, 17న యువజన శాఖలో మంత్రి స్థాయి పదవిలో కూర్చోబెట్టారు. మే నెలలో ఆయనే రాజీనామా చేశాడు, అది వేరే కథ.

నేను చెప్పొచ్చేదేమిటంటే, ఆ మనుషులు ఒకరికొకరు అప్పటికే తెలుసు. నెట్‌లో పరిచయమై కాఫీ దగ్గర కలిశారు, కాఫీ దగ్గర తెలిసినవాళ్ళు నెట్‌లో మాట్లాడుకున్నారు. ఇళ్ళల్లో కూడా అంతే. ఎండాకాలంలో ఆడవాళ్ళు, చుట్టుపక్కలవాళ్ళు కలిసి గోధుమ రవ్వతో ఏడాదికి సరిపడా కుస్‌కుస్ చేసి ఆరబెడతారు, ఎర్ర మిరపకాయలు దండలు గుచ్చి ఎండేసి హరీసా నూరతారు. దాన్ని 'ఊలా' అంటారు. మన ఆవకాయ రోజుల్లాగే అనుకోండి, జాడీలు నిండేలోపు వీధి సంగతులన్నీ బయటికొస్తాయి.

ఇక విప్లవం రాజుకున్న రోజు. 2010 డిసెంబరు 17న సీది బుజీద్ అనే ఊళ్ళో తోపుడు బండి మీద పళ్ళు అమ్ముకునే మొహమ్మద్ బువాజీజీ నిప్పంటించుకున్నప్పుడు అక్కడ గుమిగూడిన జనాన్ని ఫోన్లో తీసింది అతని బంధువు అలీ బువాజీజీ. ఆ వీడియో ఫేస్‌బుక్‌లో పెట్టాడు, నిజమే. కానీ అప్పటికి కోటి పైచిలుకు జనాభాలో ఫేస్‌బుక్ ఉన్నది దాదాపు ఇరవై లక్షల మందికే. దాన్ని అల్ జజీరా టీవీ ఎత్తి చూపించబట్టే మిగతా ఇళ్ళకి డిష్ ద్వారా చేరింది. లీనా కస్సరీన్, రెగెబ్ అనే ఊళ్ళ దాకా వెళ్ళి, పోలీసు కాల్పుల్లో చనిపోయినవాళ్ళ ఫొటోలు తీసి పెట్టింది. ఆ ఆసుపత్రుల్లోకి, ఆ ఇళ్ళల్లోకి ఆమె కాళ్ళతో నడిచి వెళ్ళింది, ఏ కంపెనీ తీసుకెళ్ళలేదు. ఆమె ఆరోగ్యం ఎలాంటిదో తెలుసా? చిన్నప్పట్నుంచి లూపస్ అని, కిడ్నీల్ని కూడా దెబ్బతీసే జబ్బు. 2007లో వాళ్ళమ్మ కిడ్నీ ఇచ్చింది. ఆ కిడ్నీతోనే ఇదంతా. తర్వాత చంపుతామని బెదిరింపులొస్తే కొన్నాళ్ళు పోలీసు కాపలాలో ఉంది, 2016లో నాన్నతో కలిసి జైళ్ళలో లైబ్రరీల కోసం వేలాది పుస్తకాలు పోగుచేసింది. ఆయన ఒకప్పుడు, దేశ తొలి అధ్యక్షుడు బూర్గీబా కాలంలో, రాజకీయ ఖైదీ, జైల్లో పుస్తకం విలువేంటో ఆయనకి వేరే చెప్పాలా. 2020 జనవరి 27న ఆమె పోయింది, ముప్పై ఆరేళ్ళకే. శవపేటికని ఆడవాళ్ళే భుజాల మీద మోశారు.

సరే, మీ వ్యాసంలో లేని ఇంకో ముక్క. 2022 సెప్టెంబరులో ఇప్పటి అధ్యక్షుడు కైస్ సయీద్ 54వ నంబరు డిక్రీ, అంటే చట్టంలా చెల్లే ఉత్తర్వు, తెచ్చాడు. నెట్‌లో 'తప్పుడు వార్తలు' పెడితే అయిదేళ్ళ దాకా జైలు, యాభై వేల దీనార్ల జరిమానా, అది ప్రభుత్వ అధికారి గురించైతే శిక్ష రెట్టింపు. జుహేర్ మీద పెట్టిన కేసు గుర్తుంది కదా? 2024 మే 11న సోనియా దహ్మానీ అనే లాయరుని బార్ అసోసియేషన్ ఆఫీసులోనే అరెస్టు చేశారు, టీవీ చర్చలో అంత గొప్ప దేశమా ఇది అన్న ధోరణిలో వ్యంగ్యంగా మాట్లాడినందుకు. ఇప్పుడు 404 పెట్టాల్సిన పనే లేదు, పేజీ తెరుచుకుంటుంది, రాసినవాళ్ళు కనపడరు. దీని గురించి ఒక్క అర పేజీ వెయ్యండి, చాలు. హెడ్డింగు మీ ఇష్టం.

నా సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. అక్కడ బెన్ అలీ పారిపోయింది 2011 జనవరి 14న. దాదాపు మూడు నెలలకి, ఏప్రిల్‌లో, మన దగ్గర సైబర్ కేఫ్ రూల్స్ వచ్చాయి: క్యాబిన్ల చెక్కలు నాలుగున్నర అడుగులు దాటకూడదు, ప్రతి కస్టమర్ ఐడీ తీసుకోవాలి, రిజిస్టరు ఏడాది పాటు దాచాలి. కార్పెంటర్‌ని పిలిపించి ఎనిమిది క్యాబిన్ల ప్లైవుడ్ కోయించాను, రంపపు పొట్టు కీబోర్డుల్లోంచి నెలరోజులు రాలుతూనే ఉంది. రిజిస్టర్లు మాత్రం ఇప్పటికీ మా అటక మీదే ఉన్నాయి, పదకొండు పుస్తకాలు. ఇన్నేళ్ళలో ఒక్కరూ వచ్చి అడగలేదు. పాత పేపర్లవాడికి వేసెయ్యమని మా ఆవిడ పోరుతోంది. ఊళ్ళో సగం మంది పేర్లు, ఫోన్ నంబర్లు, ఎవరు ఏ రోజు ఎన్ని గంటలకి వచ్చి ఎంతసేపు కూర్చున్నారో అన్నీ అందులో ఉన్నాయి, అలా ఎలా వేసేస్తామే అని నేను.

ఇట్లు,
ఒక పాత నెట్ సెంటర్ ఓనరు,
పశ్చిమ గోదావరి జిల్లా
(పేరు వెయ్యకండి, మా ఊళ్ళో అందరికీ ఎలాగూ తెలిసిపోతుంది)