భయం సరే, పరువు సంగతో?

సంపాదకులకు నమస్కారం.

పోలీసులమంటూ వీడియో కాల్‌లో బెదిరించి డబ్బు గుంజే 'డిజిటల్ అరెస్ట్' మోసం గురించి పేపర్లో వచ్చినప్పుడల్లా మా ఇంట్లో ఒకటే మాట: "అంత చదువుకున్నవాడు ఎలా నమ్మాడో!" నేనూ అన్నవాణ్నే. మా బావగారికి జరిగాక నోరు మూసుకున్నాను.

ఆయన లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని మాకు పాఠాలు చెప్పిన మనిషి. మీ ఆధార్‌తో వెళ్లిన పార్సిల్‌లో మత్తుమందు దొరికిందని ఫోనొచ్చింది. వాట్సాప్ వీడియోలో యూనిఫాం, వెనక మూడు సింహాల బొమ్మ. ఇంట్లో చెబితే వాళ్లనూ కేసులో ఇరికిస్తామన్నారు. రెండు రోజులు గది దాటలేదు. అక్క అన్నానికి పిలిస్తే ఒంట్లో బాగాలేదన్నారట. మూడో రోజు తనే బ్యాంకుకెళ్లి ఫిక్స్‌డ్ డిపాజిట్ రద్దు చేయించి, డబ్బు వాళ్లు చెప్పిన ఖాతాకు పంపారు. ఎందుకని కౌంటర్లో ఒక్కరూ అడగలేదు.

"జైలుకి కాదోయ్, వీధిలో జీపు ఆగితే నలుగురూ ఏమనుకుంటారోనని భయం" అన్నారు తర్వాత.

1961లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ మొదలుపెట్టిన ప్రయోగం గుర్తొచ్చింది. పక్కగదిలో షాకు తగులుతున్న మనిషి గోడ బాదుతున్నా, కోటు వేసుకున్న పెద్దమనిషి కానివ్వమన్నాడని 40 మందిలో 26 మంది 450 వోల్టుల దాకా షాకు మీటలు నొక్కుకుంటూ పోయారు. (షాకు ఉత్తుత్తిదే లెండి.) వాళ్లూ మనలాంటి మామూలు మనుషులే. అధికారి గొంతు వినగానే చేతులు కట్టుకోవడం మనకైతే బడి నుంచే అలవాటు.

చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదని 2024 అక్టోబరు 27న ప్రధాని మన్ కీ బాత్‌లోనే చెప్పారు. బావగారికి ఆ సంగతి తెలుసు. గుండె దడదడలాడుతుంటే తెలిసింది ఎక్కడ గుర్తొస్తుంది? అప్పుడు కావలసింది మధ్యలో అడ్డుపడే మరో మనిషి. పెద్దవయసువారు డిపాజిట్ రద్దు చేసి కొత్త ఖాతాకు పెద్ద మొత్తం పంపుతుంటే బ్యాంకు కొన్ని గంటలు ఆపి, ఇంట్లోవాళ్లకు ఒక్క ఫోను చేయాలి. కస్టమర్‌కి కోపమొస్తే రానివ్వండి.

పత్రికలకూ ఒక విన్నపం. 'బురిడీ', 'లబోదిబో' లాంటి హెడ్డింగులు వద్దు. నవ్వుతారనే బావగారు తొమ్మిది రోజులు ఎవరికీ చెప్పలేదు. మేం సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసేసరికి ఆ ఖాతాలో రూపాయి లేదు.

— ఒక పాఠకుడు, కాకినాడ