స్వాతికి, భీమవరం నుంచి

చి. స్వాతికి, నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నానమ్మకి మోకాళ్ల నొప్పులు కాస్త తగ్గాయి. పూణేలో చలెక్కువట కదా, ఆకుపచ్చ స్వెట్టర్ వేసుకుంటున్నావా? పెరట్లో చిక్కుడు విరగకాసింది. ఎంబీఏ సీటు కోసం నువ్వు రాసిన క్యాట్ ఫలితాలు వచ్చేశాయని పేపర్లో చూశాను. నువ్వేమో ఫోనెత్తితే మీటింగులో ఉన్నానని పెట్టేస్తున్నావు.

రమణి చెప్పిందట మీ అమ్మతో. నీకు మొత్తమ్మీద పర్సంటైల్ బాగానే వచ్చిందట, క్వాంట్‌లో, అదే లెక్కల భాగంలో మాత్రం సెక్షనల్ కటాఫ్, అంటే ఆ భాగానికి పెట్టిన కనీస హద్దు, దాటలేదట. ఏదైనా సరే, నీ నోటితో చెప్పు తల్లీ. ఎంత వచ్చిందని అడగను.

మధ్య గదిలో ఫ్యాన్ మార్పించాం. బుజ్జిగాడు బండి నేర్చుకుంటున్నాడు. అన్నట్టు, ఆ ఇంకో ఎంబీఏ పరీక్ష ఎక్స్ఏటీ జనవరి మొదటి ఆదివారమే కదా, హాల్ టికెట్ తీసుకున్నావా? క్యాట్ స్కోరుకి ఒక్కో ఐఐఎం కాలేజీ ఒక్కోలా వెయిటేజీ ఇస్తుంది. నీ టెన్త్, ఇంటర్ మార్కులు, ఉద్యోగ అనుభవం కూడా చాలాచోట్ల లెక్కలోకి వస్తాయి. కటాఫ్‌లు కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. మన విశాఖ ఐఐఎం గంభీరంలో ఉంది, అక్కడైతే సెలవు దొరికినప్పుడల్లా ఇంటికి రావచ్చు. క్యాట్‌లో క్వాంట్‌కి ఇచ్చేది 40 నిమిషాలు, మల్టిపుల్ ఛాయిస్‌లో తప్పు పెడితే ఒక మార్కు కోత. తెలియని లెక్కని వదిలెయ్యడం నీకు చిన్నప్పటి నుంచీ రాదు. రాత్రి పన్నెండైనా దాన్నే పట్టుకుని కూర్చునేదానివి.

శేషు బాబాయి సంగతి నీకు పూర్తిగా తెలియదు. 2003 నవంబర్‌లో క్యాట్ రాయడానికి నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ వెళ్లాడు. అప్పుడు కంప్యూటర్లు లేవు, పెన్సిల్‌తో గళ్లు దిద్దడమే. నానమ్మ పులిహోర కట్టి, పెన్సిళ్లు తనే చెక్కి, ములుకులు విరక్కుండా రుమాల్లో చుట్టి ఇచ్చింది. బ్రహ్మాండంగా రాశానని ఎస్‌టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాడు. ఇంటికొచ్చేసరికి పేపర్ లీకైందని, పరీక్ష రద్దని టీవీలో ఒకటే వార్త. మళ్లీ 2004 ఫిబ్రవరిలో పెట్టారు. ఈలోగా వాడు మేడ మీద గదిలో తలుపేసుకుని ఎవరితోనూ మాట్లాడటం మానేశాడు. మీ తాతయ్య ఏమీ అనలేదు. పొద్దున్నే గది బయట కుర్చీ వేసుకుని పేపర్ పైకి చదివేవారు, ధరలూ, పెళ్లిళ్ల ప్రకటనలూ, అన్నీ. అప్పుడు మనవాళ్లు ఆస్ట్రేలియాలో ఆడుతున్నారు. అడిలైడ్ టెస్టు గెలిచిన వార్త చదివిన రోజు, "రెండో ఇన్నింగ్స్‌లో ద్రవిడ్ ఎంత కొట్టాడు నాన్నా?" అని లోపల్నుంచి వినబడింది. "72, నాటౌట్" అన్నారు తాతయ్య. ఆ పూట వాడు కిందికి దిగి అందరితో కలిసి భోంచేశాడు. ఫిబ్రవరిలో అనుకున్నంత బాగా రాయలేకపోయాడు, ఏ ఐఐఎం నుంచీ పిలుపు రాలేదు. తర్వాత వాడెలా స్థిరపడ్డాడో నీకు తెలుసు.

నువ్వు అంత దూరంలో తలుపేసుకుంటే నేను కుర్చీ ఎక్కడ వేసుకోను చెప్పు?

క్యాట్ స్కోరు ఈ ఏడాది అడ్మిషన్లకే చెల్లుతుంది. వచ్చే నవంబర్లో మళ్లీ రాస్తానన్నా సరే, ఐఎస్‌బీ బిజినెస్ స్కూల్ కోసం జీమ్యాట్ పరీక్ష రాస్తానన్నా సరే. ఫీజు సంగతి నాకు వదిలెయ్, బ్యాంకులో ఎడ్యుకేషన్ లోన్ వివరాలు కనుక్కునే ఉంచాను. ఉద్యోగం మాత్రం తొందరపడి మానెయ్యకు.

అమ్మ సున్నుండలూ, కందిపొడీ కొరియర్‌లో పంపింది. డబ్బా మూత గట్టిగా పెట్టు, చీమలు పడతాయి. రాత్రి భోజనం మానకు. ఆదివారం పొద్దున్న పదింటికి ఫోన్ చెయ్యి. నాది కలవకపోతే అమ్మ నంబరుకి చెయ్యి.

మీ నాన్న