తగ్గించింది గుళికా, గడిచిన కాలమా?

సంపాదకులు గారికి,

వైరల్ జ్వరం తగ్గాక నెలల తరబడి వదలని నీరసానికి ఒక పోషక గుళిక ‘అద్భుతంగా’ పనిచేసిందని మీ ఆరోగ్యం పేజీలో వార్త వచ్చి పది రోజులైంది. ఎవరైనా ప్రశ్నిస్తారేమోనని చూశాను, ఎవరూ ఉలకలేదు. చేరినవాళ్లందరికీ అదే గుళిక మింగించి, చివర్లో “ఎలా ఉంది?” అని అడిగితే దాన్ని పరీక్ష అంటారా? బాధ ముదిరినప్పుడే ఎవరైనా ఇలాంటివాటిలో చేరతారు. ఆపైన ఏమీ వేసుకోకపోయినా చాలామంది కొంత తేరుకుంటారు. ఆ పుణ్యమంతా గుళిక ఖాతాలో పడింది.

అసలు ఎవరిని చేర్చుకున్నట్టు? ఉదాహరణకు, కొవిడ్ తర్వాతి బాధలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లోనే నిర్వచనం ఇచ్చింది: జబ్బు మొదలై సుమారు 3 నెలలు కావాలి, లక్షణాలు కనీసం 2 నెలలు ఉండాలి, వాటికి వేరే కారణం కనబడకూడదు. కాబట్టి హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బి12, థైరాయిడ్, షుగర్ ముందే చూడాలి. బి12 తక్కువున్న మనిషికి బి12 ఇస్తే ఓపిక వస్తుంది, అందులో వింతేముంది? గుళిక మొదలుపెట్టకముందే పరీక్షకు రక్తం తీయాలి. గుళికలో బయోటిన్ (ఒక బి విటమిన్) మోతాదు ఎక్కువుంటే థైరాయిడ్ రిపోర్టే తప్పుగా రావచ్చు.

ఒక గుంపుకు అసలు గుళిక, ఇంకో గుంపుకు చూడ్డానికి అలాగే ఉండే ఉత్తుత్తి గుళిక, అంటే డమ్మీ, ఇచ్చి పోల్చాలి. ఆ డమ్మీ తయారుచేయడమూ తేలిక కాదు. రైబోఫ్లేవిన్ (బి2 విటమిన్) పడితే మూత్రం పసుపుపచ్చగా వస్తుంది, నయాసిన్ (బి3) మోతాదు పెరిగితే ముఖం ఎర్రబడి మండుతుంది. తమకు అందింది అసలుదని మింగినవాళ్లకు రెండో రోజుకే తెలిసిపోతుంది. అందుకే డమ్మీలోనూ కాస్త రైబోఫ్లేవిన్ కలుపుతారు. ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడుస్తారో చూసే పరీక్ష ఒక్కటే నమ్ముకున్నా మోసమే. ఆరోజు బాగానే నడిచినవాళ్లు మర్నాడో ఆ మర్నాడో మంచం పడతారు, అప్పుడు ఫోన్ చేసి అడగాలి.

నీరసం స్కోరులో సగం ప్రామాణిక విచలనమంత (మనిషికీ మనిషికీ స్కోరు మామూలుగా ఎంత మారుతుందో చెప్పే కొలతలో సగమంత) తేడాను 80 శాతం పవర్‌తో, అంటే తేడా నిజంగా ఉంటే నూటికి 80 సార్లు దొరికేలా, పట్టుకోవాలంటే గుంపుకు 64 మంది కావాలి, ఐదో వంతు మానేస్తారనుకుంటే 80. మానేసినవాళ్లను లెక్కలోంచి తీసేయకూడదు, ఓపిక లేక రానివాళ్లు వాళ్లలోనే ఉంటారు. ఏ కొలతతో తేలుస్తారో మొదటి మనిషి చేరకముందే నమోదు చేయాలి. పరీక్షను ముందే నమోదు చేయాలని, మనుషులపై వైద్య పరిశోధనకు నీతి నియమాలు చెప్పే హెల్సింకి ప్రకటన 2008లోనే చెప్పింది. ఇరవై ప్రశ్నావళులు నింపించి, కలిసొచ్చిన ఒక్కదాన్ని వార్తకిస్తే సున్నంబిళ్ల కూడా సంజీవనే.

‘మందు’ అంటే అనుమతులకు కాళ్లరగాలి. ‘ఆహారం’ అని లేబుల్ వేస్తే అధికారులు ఎక్స్‌పైరీ తేదీ చూసి దీవించి పంపుతారు. పత్రికలేమో కంపెనీ పంపిన కాగితాన్ని అక్షరం పొల్లుపోకుండా అచ్చేస్తాయి. ఈసారి అలాంటి కాగితం చేతికొస్తే, డమ్మీ వేసుకున్నవాళ్లలో ఎందరికి తగ్గిందో ఒక్క ఫోన్ చేసి కనుక్కోమని మీ విలేకరికి చెప్పండి.

— ఒక పాఠకుడు