వాళ్ళకు తెల్లవారుజామున, మాకు దీపాలవేళ

సంపాదకులకు నమస్కారం.

చెన్నైలో పెరిగే తెలుగు పిల్లలకు మన పండగలు తెలియకుండా పోతున్నాయని పోయిన ఆదివారం మీ ఉత్తరాల పేజీలో ఒక పాఠకుడు బాధపడ్డారు. ఆయన బాధను కాదనను. కానీ పెరంబూర్‌లో మా అపార్ట్‌మెంట్ సంగతి వేరు. ఇక్కడ పండగలు పోవడం లేదు సరికదా, ఒక్కోటీ రెండేసిసార్లు వస్తోంది. చాలనిది నా ఓపికే.

దీపావళే చూడండి. పై ఇంటి తమిళావిడ, మేం మామి అంటాం, వాళ్ళకు అది తెల్లవారుజాము పండగ. నాలుగింటికే పిల్లల్ని లేపి మాడున నువ్వుల నూనె పెట్టి తలంటడం, అంచుకు పసుపు రాసిన కొత్త బట్టలు, ఆ తర్వాత ఉసిరికాయంత లేహ్యం. మెట్ల మీద ఎవరు ఎదురైనా "గంగాస్నానం ఆచ్చా?" అనే పలకరింపు, అంటే ఆ తలంటు అయిందా అని. అల్లం, మిరియాలు, వాము, బెల్లం, నెయ్యి వేసి, గిన్నె అంచు వదిలేదాకా మామి ఆ లేహ్యాన్ని కలుపుతూనే ఉంటుంది. పిండివంటలు అరగాలంటే ముందు అది కడుపులో పడాలట. పొద్దున ముఖం చిట్లించే మా ఆయన, రాత్రి బూరెలు తిన్నాక ఇంకొంచెం ఉందేమో అడగమంటారు.

నరక చతుర్దశి తలంటు మనకూ ఉంది. కానీ సందడంతా అమావాస్య సాయంత్రానికే: లక్ష్మీపూజ, గుమ్మంలో ప్రమిదలు. మామి వాళ్ళు దీపాల వరుస పెట్టేది కార్తీకదీపం నాడు. అందుకని మా ప్రమిదలు కడిగి ఆరబెట్టి పైకి పంపుతాను. పాకం పట్టిన బొరుగుల ఉండలతో అవి తిరిగొస్తాయి. ఒకరు వెలిగించిన ప్రమిద ఇంకొకరికి ఇవ్వకూడదనేవారు మా అత్తగారు. మామికి ఆ పట్టింపు లేదు, నాకూ పోయింది. బొమ్మల కొలువూ అంతే. వాళ్ళకు దసరాకి, మాకు సంక్రాంతికి. చెక్కమెట్లు మాత్రం ఒకటే సెట్టు.

టపాకాయల దగ్గరే కొంచెం గొడవైంది. 2018లో సుప్రీంకోర్టు దీపావళికి రాత్రి 8 నుంచి 10 దాకానే కాల్చాలంది. అప్పటికి మామి వాళ్ళ పండగ అయిపోయి ఉంటుంది కదా! తమిళనాడు ప్రభుత్వం మళ్ళీ కోర్టుకెళ్తే, రెండు గంటలు మించకుండా వేళ మీరే పెట్టుకోమంది. పొద్దున 6 నుంచి 7, రాత్రి 7 నుంచి 8 అని పెట్టారు. మా ఇళ్ళను చూసి పెట్టారా అన్నట్టు కుదిరింది. పొద్దుటి గంట పైవాళ్ళది, రాత్రి గంట మాది. ఆమధ్య అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన, అందరం కలిసి రాత్రే కాల్చుకుందాం, ఐకమత్యంగా ఉంటుందని పెట్టాడు. మామి కంటే ముందు నేనే వద్దన్నాను. అందరూ ఒకే వేళ చేసేసుకుంటే ఇక ఒకరింటికి ఒకరు వెళ్ళే పనేముంది?

మా పుట్టిల్లు రాజమండ్రి. తుఫాను పడితే తప్ప అక్కడ దీపావళికి ఇంత వాన భయం ఉండదు. ఇక్కడ ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యే కురుస్తుంది. ఎండ కనిపించగానే టపాకాయలు చాటల్లో పోసి మేడ మీద పెడతాం. మబ్బు పట్టిందా, ఎవరు ముందు చూస్తే వాళ్ళు అందరివీ లోపలికి లాగేస్తారు. మా చిచ్చుబుడ్లు వాళ్ళింట్లో, వాళ్ళ బాంబులు మా మంచం కింద తేలతాయి. దివిటీలకు గోగుకర్రలు దొరకవు, వానకు విరిగిన మునగకొమ్మలకే గుడ్డ కట్టి ఇస్తాను. తెలుగు ముక్క రాని మామి మనవడు "దుబ్బు దుబ్బు దీపావళి, మళ్ళీ వచ్చే నాగులచవితి" అని మావాడి కంటే గట్టిగా అరుస్తాడు. ఆ నాగులచవితి ఏమిట్రా అంటే వాడికి తెలియదు. మావాడికీ తెలియదనుకోండి, అక్కడ మాత్రం ఆ పాఠకుడిదే రైటు.

మీ చెన్నై పేజీకి ఒక విన్నపం. పండగ ముందురోజు లక్ష్మీపూజ వేళ వేస్తారు, సంతోషం. పక్కనే తెల్లవారుజాము తలంటు వేళ కూడా వేయండి, తర్వాత కార్తీకదీపం తేదీ మరచిపోకండి. తమిళుల దీపావళి మనకంటే ఒకరోజు ముందు పడే ఏడాది ఇది మరీ అవసరం. ఇప్పుడైతే మామి గోడ మీది డైలీ క్యాలెండర్ చూసి పైనుంచి కేకేస్తోంది. ఆవిడ కూతురి దగ్గరికి కోయంబత్తూరు వెళ్తే నాకు టెన్షనే.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పెరంబూర్, చెన్నై