నాన్నది టీబీ కాదు

సంపాదకుడు గారికి,

నాట్లయిన వారానికి మా నాన్నకు జ్వరం పట్టుకుంది. సాయంత్రమైతే చలి, దగ్గు. ఎక్స్‌రే చూసి టీబీ అన్నారు. కఫంలో టీబీ క్రిమి కనబడకపోయినా రెండు నెలలు మందులు మింగించాం. ఈలోగా కాలేయంలో చీము చేరింది. దాన్ని కల్చర్‌కు, అంటే క్రిమిని పెంచి గుర్తించే పరీక్షకు పంపితే, మొదటి ల్యాబ్ సూడోమోనాస్ అనే వేరే బ్యాక్టీరియా అని రాసిచ్చింది.

రెండో ఆసుపత్రిలో మైక్రోబయాలజీ డాక్టరమ్మ మాత్రం "ఆయన పొలంలో దిగుతారా? షుగర్ ఉందా?" అని అడిగారు. రెండూ ఉన్నాయి. మెలియాయిడోసిస్ అని తేల్చారు. తడి మట్టిలో, నీటిలో ఉండే బ్యాక్టీరియా వల్ల వస్తుందట. 1912లోనే విట్‌మోర్, కృష్ణస్వామి అనే డాక్టర్లు బర్మాలోని రంగూన్ రోగుల్లో చూసి రాసిపెట్టిన జబ్బు, వరి చేలున్న మనకింకా కొత్తే!

రెండు వారాలు సెఫ్టాజిడైమ్ ఇంజెక్షన్లు, తర్వాత మూడు నెలలు కోట్రైమాక్సజోల్ మాత్రలు. ఇప్పుడు గట్టు మీద కూర్చుని నన్ను తిడుతున్నారు, అంటే కోలుకున్నట్టే.

షుగర్ ఉన్న రైతుకు జ్వరం తగ్గకపోతే, యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే రక్తం కల్చర్‌కు తీయాలి. అనుమానం ఏమిటో చీటీ మీద రాయాలి. అది రాయకపోతే ల్యాబ్ వాళ్లు మాత్రం ఎలా పోల్చుకుంటారు?

- ఒక రైతు కొడుకు, కోనసీమ